రెండో వన్స్ మోర్

నిరంజన్‌కి నాటకాల పిచ్చి. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో సూపర్‌వైజరుగా చేస్తాడు, ఆదివారం చర్చిలో తబలా వాయిస్తాడు, మిగిలిన ప్రాణమంతా పద్య నాటకాల మీదే. చుట్టుపక్కల ఎక్కడ కంపెనీ నాటకం దిగినా ముందు వరసల్లో ఈయన ఉండాల్సిందే. ఊరికే చూసి వస్తే గొడవే లేదు. నటుడు పద్యం చివర రాగం తీసి, ఇంకా ఊపిరి పీల్చుకోకముందే ఈయన కుర్చీలోంచి సగం లేచి "వన్స్ మోర్!" అని హాలు అదిరేలా కేక పెడతాడు. ఓ క్రిస్మస్ ఆరాధనలో సోలో పాట అయిపోగానే, తబలా ముందు కూర్చున్నవాడు అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి భార్య లిడియా ఉరిమి చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పాస్టరుగారి ముందు పరువు పోయేది.

వన్స్ మోర్ అంటే ఆషామాషీ కాదు మరి. అది పద్య నాటకంలో రాజశాసనం. జనం అడిగాక నటుడు మళ్ళీ పాడి తీరాలి. తెర పడిపోతే తెర లేపి పాడాలి. పాత్ర చచ్చిపోయి పడి ఉంటే, లేచి పాడి, మళ్ళీ పడుకుని చావాలి. దీని మీద గోదావరి జిల్లాల్లో చెప్పుకోని ఛలోక్తి లేదు. లిడియా కూడా ఎన్నోసార్లు పడీ పడీ నవ్వింది.

అది 2004, ఆగస్టు నెల. ఏలూరులో పాత హాలొకటి ఉండేది. అందులో వారం రోజులకని ఒక నాటక కంపెనీ దిగింది. నాటకం పేరు 'రాణీ మణిమంజరి'. పాటలు, పద్యాలు, మంత్రాల మెరుపులు, గాల్లో ఎగిరే దేవత, అన్నీ ఉన్నాయని ఆటోలో మైకు పెట్టి గూడెం దాకా వచ్చి చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి మ్యాట్నీ. ఆరాధన అయ్యీ అవగానే నిరంజన్ పెళ్ళాన్నీ కూతుర్నీ పాసింజరు ఎక్కించేశాడు. ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగి, రిక్షా కట్టించుకుని, చర్చికి వేసుకున్న బట్టలతోనే హాల్లో అడుగుపెట్టారు.

కూతురు పెర్సిస్‌కి ఆరేళ్ళు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి, ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేస్తేనో పుట్టిన పిల్ల. దానికి రెండు తుమ్ములు వస్తే లిడియాకి ఆ రాత్రి నిద్ర ఉండదు. స్కూల్లో నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచరు, సొంత పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఉత్త పిరికిది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

హాలు పెద్దది, జనం తక్కువ. వానాకాలం మధ్యాహ్నం, పైగా టీవీల రోజులు. ముందు నాలుగైదు వరసల్లో అరవై మంది ఉంటారేమో. వెనకాల ఇరవై వరసల కుర్చీలు ఖాళీగా, మడతపడి ఉన్నాయి. మనిషి కూర్చుంటే టప్‌మని కిందికి దిగి, లేస్తే మళ్ళీ టప్‌మని పైకి లేచే పాతకాలం చెక్క కుర్చీలు. టిక్కెట్టు లేకుండా దూరతారని పక్క తలుపులకి గొలుసులు వేశారు. వెలుతురు రాకుండా కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. బయట ఎండ ఉందో వాన ఉందో తెలియదు. లోపల పాత చెక్క వాసన, గబ్బిలాల వాసన, స్టేజీ మీంచి వచ్చే సాంబ్రాణి వాసన. నిరంజన్, లిడియా, పాప రెండో వరస మధ్యలో కూర్చున్నారు.

మొదటి సగం బాగా నడిచింది. నిరంజన్ మూడు వన్స్ మోర్లు కొట్టాడు. విశ్రాంతిలో కంపెనీ మేనేజరు పాపారావు గారు కిందికి దిగి, వరసల వెంట ఎవరి కోసమో వెతుకుతున్నట్టు నడుస్తూ వచ్చి, పెర్సిస్ దగ్గర ఆగాడు.

"నమస్కారమండీ అమ్మగారూ. తమరు చిన్న సాయం చెయ్యాలండీ. తరువాతి సీనులో రాణీగారి కూతురు సరస్సులో మునిగి చనిపోతుందండీ. రాణీగారు పాపని ఒళ్ళో పెట్టుకుని పాడాలి. మా వాళ్ళ పిల్లలు స్కూళ్ళు మానకూడదని ఊళ్ళోనే వదిలేసి వచ్చామండీ. ఏ ఊరు వెళితే ఆ ఊరి పాపనే అడిగి పడుకోబెడతాం. కళ్ళు మూసుకుని పది నిమిషాలు. అంతేనండీ."

"వద్దండీ," అంది లిడియా. "బంగారంలాంటి పిల్లని శవంలా పడుకోబెట్టడమేంటండీ?"

"అయ్యో, చివర్లో దేవత వచ్చి బతికిస్తుందండీ. శుభమేనండీ." ఆయన ఖాళీగా ఉన్న వెనక వరసల వైపు ఒకసారి చూశాడు. "ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ, ఏ పాపకీ ఏమీ కాలేదండీ."

అడగని మాటకి జవాబు చెప్పాడే అనుకుంది లిడియా. ఈలోపు నిరంజన్ మొహం వెలిగిపోతోంది. "మన పిల్ల స్టేజీ ఎక్కుతోంది లిడియా! మా నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారో!" పెర్సిస్ అప్పటికే కుర్చీ దిగి పాపారావు గారి వేలు పట్టుకుంది. లిడియా ఊ అనలేదు, ఊహూ అని కూడా అనలేదు. ఆ ఒక్క మాట గట్టిగా అనలేకపోయినందుకు తరవాత తనని తాను ఎంత తిట్టుకుందో చెప్పలేం.

దీపాలు ఆరాయి. వెనక తలుపు కూడా వేశారు. స్టేజీ మీద ఒక్క నీలం బల్బు. సరస్సు ఒడ్డు తెర ముందు రాణి వేషంలో పుష్పలత అనే నటి కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, మేకప్ కింద బాగా అలసిపోయిన మొహం. ఒళ్ళో పెర్సిస్. మెడ దాకా తెల్లగుడ్డ కప్పారు. ఆవిడ గొంతెత్తింది.

"కనులు తెరువవే తల్లీ... పొద్దు వాలినదే..."

గొంతు కాదది, గుండెలో చెయ్యి పెట్టి తిప్పినట్టు ఉంది. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. గుడ్డ కింద నుంచి బయటికి వచ్చిన పెర్సిస్ కాలి బొటనవేలు దోమ కుట్టిందేమో రెండుసార్లు కదిలింది. లిడియాకి ప్రాణం కుదుటపడి నవ్వొచ్చింది. పద్యం అయింది. తెర పడింది. నిరంజన్ లేచాడు.

"వన్స్ మోర్!"

చప్పట్లు మోగాయి. తెర వెనక ఎవరో గుసగుసలాడుకోవడం, అటూ ఇటూ నడవడం వినిపించింది. మళ్ళీ తెర లేచింది. అదే నీలం బల్బు, అదే రాణి. ఈసారి ఒళ్ళో ఉన్న పాపకి తల నుంచి కాళ్ళ దాకా గుడ్డ కప్పేశారు. మొహం కనబడటం లేదు. లిడియాకి అది నచ్చలేదు. ఊపిరి ఆడుతుందో లేదో పిల్లకి అనుకుంటూ కూర్చుంది. పద్యం రెండోసారి అయింది. ఇక లేచి పిల్లని తెచ్చేసుకుందామని పర్సు సర్దుకుంటోంది.

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇంకొక్కసారి అండీ..."

ఆడగొంతు. మెత్తగా, బతిమాలుతున్నట్టు. లిడియా చెయ్యి ఆగిపోయింది. ఎన్ని నాటకాలు చూసిందో లెక్కలేదు. ఏ ఊళ్ళోనూ ఆడది వన్స్ మోర్ అనగా వినలేదు. అది మగవాళ్ళ సరదా. వెనక్కి తిరిగి చూసింది. చివరి వరసల్లో చీకటి తప్ప ఏమీ లేదు.

టప్.

ఆ చీకట్లో ఒక కుర్చీ కిందికి దిగింది. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. ఆఖరి వరస మొత్తం, ఒకరి తరవాత ఒకరు వచ్చి సర్దుకుని కూర్చున్నట్టు... కుర్చీలన్నీ దిగాయి.

పుష్పలత మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు మాత్రం జనం మీద లేవు. ఆ చివరి వరస మీద ఉన్నాయి.

"ఏవండీ," అని లిడియా భర్త చెయ్యి పట్టుకుని ఊపింది. "ఏవండీ, వెళ్ళి పాపని తెచ్చేద్దాం రండి."

నిరంజన్ పలకలేదు. గట్టిగా గిల్లింది. చెయ్యి కొయ్యలా ఉంది. మొహంలోకి చూసింది. కళ్ళు స్టేజీ మీద నిలబడిపోయాయి. చెంప మీదికి జారిన కన్నీటి బొట్టు మీసం దాకా రాకుండా మధ్యలోనే ఆగి ఉంది. చేతి గడియారంలో సెకన్ల ముల్లు కదలడం లేదు. నాలుగూ ఇరవై. చుట్టూ ఉన్నవాళ్ళంతా అంతే. ముందు వరసలో ఒకావిడ కొంగు కళ్ళ దగ్గరికి తీసుకెళుతూ అలాగే ఉండిపోయింది. స్టేజీ పక్కన హార్మోనియం ఆయన చెయ్యి గాల్లో ఆగి ఉంది. శ్రుతి మాత్రం వినిపిస్తూనే ఉంది.

పద్యం మూడోసారి అయింది.

"ఇంకొక్కసారి అండీ..."

ఈసారి నలుగురైదుగురు కలిసి అన్నారు. టప్, టప్, టప్. ఇంకో రెండు వరసలు నిండాయి. వాసన కూడా వచ్చింది. కొల్లేరు గట్టున వాన వెలిశాక వచ్చే వాసన. కుళ్ళిన గుర్రపు డెక్క ఆకు, నీచు, చాలా కాలం నీళ్ళలో నానిన బట్ట.

పుష్పలత మళ్ళీ పాడింది. గొంతు బొంగురుపోయింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ పాడింది. ప్రతిసారీ వరసలు ముందుకి నిండుతున్నాయి. పదో వరస. ఎనిమిది. ఆరు. లిడియా ఇక వెనక్కి చూడలేదు. చప్పుడును బట్టి లెక్కపెడుతోంది. లేచి పరిగెత్తుదామంటే పక్క తలుపులకి గొలుసులు. వెనక తలుపుకి వెళ్ళాలంటే ఆ కుర్చీల మధ్య నుంచే వెళ్ళాలి. అయినా పిల్లని వదిలి ఎక్కడికి వెళుతుంది? పిల్ల కదలడం లేదు. ఎన్నిసార్లు పాడినా ఆ గుడ్డ ఒక్కసారి కూడా కదల్లేదు. అన్నిసార్లు చావుపాట పాడితే బతికున్న పిల్లకి ఏమవుతుందోనన్న ఆలోచనే లిడియాని చంపేస్తోంది.

"ప్రభువా... ప్రభువా..." తరవాతి మాట రావడం లేదు. రోజూ చేసే ప్రార్థనే, గుర్తు రావడం లేదు.

టప్.

అది తన వరసలోనే. చివరి కుర్చీ.

టప్. టప్. దగ్గరికి వస్తున్నాయి. లిడియా మోకాళ్ళు ముడుచుకుంది. పక్క కుర్చీ... పెర్సిస్ కూర్చున్న కుర్చీ... మెల్లగా కిందికి దిగింది. చల్లగా, తడిగా ఏదో ఆవిడ మోచేతికి తగిలింది. తడి చీర. చెవి దగ్గర ఎంతో మర్యాదగా వినిపించింది.

"కాస్త జరగండమ్మా... పాప మొహం కనబడట్లేదు."

ఎలా లేచిందో లిడియాకి తెలియదు. వరసలోంచి దారి లేదు. ముందు వరస కుర్చీ వీపు పట్టుకుని పైకెక్కింది. చీర కుచ్చిళ్ళు చిరిగాయి. కొంగు కళ్ళకద్దుకోబోయి ఆగిపోయిన ఆవిడ భుజం మీద చెయ్యేసి అవతలికి దూకింది. స్టేజీ ఛాతీ ఎత్తు ఉంది. మోచేతులు గీసుకుపోతున్నా పట్టించుకోకుండా పాకింది. వెనక ఎవరూ అరవలేదు, ఎవరూ పట్టుకోలేదు. "ఇంకొక్కసారి అండీ" అని మాత్రం అందరూ కలిసి అన్నారు. అది హాలంతా అన్న మాట.

నీలం వెలుతురులో పుష్పలత మొహం దగ్గరగా కనబడింది. చెమటకి మేకప్ కారిపోయింది. పెదవులు పద్యం పాడుతూనే ఉన్నాయి. పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి పీల్చుకునే చోట గుసగుసగా మాట్లాడింది.

"నా చేతులు విడవట్లేదమ్మా..."

"నా పిల్లనివ్వండి! మీకు దండం పెడతాను, నా పిల్లనివ్వండి!"

మళ్ళీ ఒక పాదం పాడింది. మళ్ళీ ఆగింది.

"నేనివ్వలేను. మీరు తీసుకోవాలి... మీ అంతట మీరే తీసుకోవాలి."

లిడియా ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. గుడ్డ తడిసి ముద్దగా ఉంది. చెమట అనుకుంది. పిల్ల బరువుగా ఉంది. నిద్రలో పిల్లలు బరువెక్కుతారు కదా అనుకుంది. చల్లగా ఉంది. భయపడిపోయింది, అంతే, అనుకుంది. ఎత్తుకుని భుజాన వేసుకోగానే గుడ్డ లోపలి నుంచి రెండు చిన్న చేతులు వచ్చి ఆవిడ మెడ చుట్టూ పెనవేసుకున్నాయి. బతికే ఉంది! లిడియాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత సంతోషం పెర్సిస్ పుట్టిన రోజున కూడా కలగలేదు.

పాట ఆగిపోయింది. పుష్పలత ఖాళీ అయిన చేతుల వైపు చూసుకుంది. ఎన్నాళ్ళ బరువో దింపుకున్న మనిషిలా స్టేజీ మీద వాలిపోయింది. "స్టేజీ వెనక తలుపు ఉంది," అంది నేల మీద నుంచే. "వెళ్ళిపోండమ్మా. వెనక్కి చూడకండి."

హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారిగా పైకి లేచిన చప్పుడు అయింది.

లిడియా పరిగెత్తింది. తెరలు, తాళ్ళు, అట్ట సింహాసనాలు, దేవత రెక్కలు. ఎవరికో తగిలింది, ఎవరూ తిరిగి చూడలేదు. చిన్న చెక్క తలుపు భుజంతో తోసింది. బయట పడింది.

ఎండ. మామూలు ఎండ! వాన వెలిసిన సందు. మిరపకాయ బజ్జీల బండి మీద నూనె మరుగుతోంది. సైకిలు మీద వెళుతున్న ఒకాయన బెల్లు కొట్టి "జరగండమ్మా" అన్నాడు. ఆ మాటకి ఉలిక్కిపడి, ఆయన నిజం మనిషే అని చూసుకుని, లిడియా గోడకి ఆనుకుని ఏడ్చింది. పిల్ల వీపు మీద జోకొడుతూ, "ఏం లేదమ్మా, ఏం లేదు, అయిపోయింది, అమ్మ దగ్గరున్నావు," అని చెబుతూనే ఉంది. పిల్ల మాట్లాడలేదు. మెడలో మొహం దాచుకుని పడుకుంది. ఊపిరి మెడకి చల్లగా తగులుతోంది.

సందు చుట్టూ తిరిగి ముందు గేటు దగ్గరికి వచ్చింది. ఆయన బయటికి రాగానే మొదటి బండికే ఇంటికి వెళ్ళిపోవాలి. ఇక జన్మలో నాటకం పేరెత్తితే ఊరుకోకూడదు. ఇలా అనుకుంటుంటే ధైర్యం వచ్చింది, కోపం కూడా వచ్చింది.

హాలు మెట్ల మీద నిరంజన్ కనబడ్డాడు. గాభరాగా అటూ ఇటూ చూస్తున్నాడు.

"లిడియా! ఎక్కడికి పోయావు? పక్కకి తిరిగి చూసేసరికి నువ్వు లేవు! ఆవిడేమో పాడుతూ పాడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది, ఆట ఆపేశారు."

"ఎన్నిసార్లు పాడిందండీ?" అంది లిడియా.

"రెండుసార్లు. నా వన్స్ మోర్ ఒక్కటే కదా." ఆయన వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి చాపాడు. "నీ కూతురి నిర్వాకం విన్నావా? మొదటిసారి తెర పడగానే ఒంటికొస్తోందని లేచి పరిగెత్తిందట. నేనేమో వన్స్ మోర్ అనేశాను. ఇక చేసేది లేక పాపారావు గారు గుడ్డ కింద తలగడ పెట్టి కానిచ్చారట. ఇదేమో ఇందాకట్నుంచీ టిక్కెట్ల గదిలో కూర్చుని బిస్కెట్లు తింటోంది."

ఆయన చెయ్యి పట్టుకుని పెర్సిస్ మెట్లు దిగింది. చర్చికి వేసుకెళ్ళిన పసుపు గౌను. బుగ్గల మీద మేకప్ రంగు. మూతి నిండా బిస్కెట్ పొడి. పిల్ల తల్లి దగ్గరికి పరిగెత్తబోయి ఆగిపోయింది. తల పక్కకి వంచి, తల్లి భుజం మీదికి చూసింది.

"అమ్మా... ఎవరమ్మా?"

నిరంజన్ కూడా అప్పుడే చూశాడు. కూతుర్ని గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"దించెయ్," అన్నాడు. "లిడియా... దాన్ని కింద దించెయ్."

మెడ చుట్టూ చేతులు కొద్దిగా బిగిశాయి. దించాలనే ఉంది లిడియాకి. చేతులకి చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఎడమ చెయ్యి విడవలేదు. కుడి చెయ్యి ఆ తడి వీపు మీద మెత్తగా, ఆగకుండా, జోకొడుతూనే ఉంది.